అడ్జస్టబుల్ డ్రైవర్: రెంచ్ పట్టుకునే ముందు, పట్టుకున్నాక

గోల్ఫ్‌లో దూరం కొట్టడానికి వాడే పెద్ద క్లబ్ డ్రైవర్; దాని కోణం, బరువు మనమే మార్చుకునే రకం అడ్జస్టబుల్ డ్రైవర్. అది కొన్నవాళ్లలో చాలామంది దాంతోపాటు వచ్చిన రెంచ్‌ని బ్యాగ్ జేబులో పడేసి మర్చిపోతారు. ఇంకొందరు మొదటి స్లైస్ (కుడికి వంగిపోయే షాట్) పడగానే దాన్ని బయటికి తీసి, కనిపించిన స్క్రూనల్లా తిప్పేస్తారు. నేను రెండో పని చేశాను. కొత్త డ్రైవర్ తీసుకున్న మొదటి ఆదివారమే లాఫ్ట్ (బంతికి తగిలే ముఖం, అంటే ఫేస్, వెనక్కి వాలిన కోణం) పెంచాను, బరువు హీల్ (హెడ్‌లో కర్ర వైపు కొస) వైపు జరిపాను, అప్‌రైట్ (కర్ర ఇంకాస్త నిటారుగా నిలిచే) సెట్టింగ్ కూడా పెట్టాను. మూడూ ఒకేసారి. ఆ రోజు కొన్ని బంతులు నేరుగా ఎడమవైపు చెట్లలోకి పోయాయి, కొన్ని ఎప్పటిలాగే కుడివైపు పొదల్లో పడ్డాయి. అంతకుముందు తప్పితే కుడికే తప్పుతుందన్న లెక్క ఉండేది. ఇప్పుడు ఆ లెక్క కూడా పోయింది.

తొమ్మిదో హోల్ దగ్గర మా క్యాడీ (బ్యాగ్ మోస్తూ ఆటలో సాయం చేసే మనిషి), నాకంటే వయసులో పెద్దాయన, డ్రైవర్‌ని తిప్పి చూసి, "సార్, రౌండ్ అయినంక దీన్ని ముందు ఎట్లొచ్చిందో అట్ల పెట్టండి. తర్వాత మీరు ఎటు చూసి నిలబడుతున్నరో చూద్దాం" అన్నారు. ఆయన చెప్పింది నిజం. స్లైస్‌కి అలవాటు పడి, ఏళ్ల తరబడి నా పాదాలు, భుజాలు ఫెయిర్‌వేకి (బంతి పడాల్సిన, గడ్డి కత్తిరించిన దారి) బాగా ఎడమగా చూస్తున్నాయి. ఏ స్క్రూ తిప్పినా అది బాగుపడదు.

అందుకే ఈ గైడ్‌ని ఆ క్రమంలోనే రాస్తున్నాను. ముందు మన షాట్ ఏంటో తెలుసుకోవాలి, తర్వాత ఒక్కొక్కటే మార్చాలి. కుడిచేతివాటం వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎడమచేతివాటం వాళ్లు కుడి ఎడమలు మార్చుకుని చదవండి.

తిరిగేవి ఏవి?

డ్రైవర్‌లో మనం మార్చగలిగేవి ముఖ్యంగా రెండు చోట్ల ఉంటాయి. ఒకటి, షాఫ్ట్ (క్లబ్ కర్ర) హెడ్‌లోకి దిగే చోట ఉండే స్లీవ్ అనే చిన్న గొట్టం. రెండోది, హెడ్ అడుగున ఉండే బరువులు. బరువులు ముందొచ్చాయి. 2004లో టేలర్‌మేడ్ ఆర్7 క్వాడ్ నాలుగు చిన్న బరువు స్క్రూలతో వచ్చింది. షాఫ్ట్ దగ్గర తిప్పి కోణం మార్చుకునే ఏర్పాట్లకి గోల్ఫ్ రూల్స్ 2008 జనవరి నుంచి దారి ఇచ్చాయి. 2009లో అదే కంపెనీ ఆర్9 ఆ పద్ధతిలో వచ్చింది. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నిటిదీ ఏదో ఒక స్లీవ్ ఉంది. టైటిలిస్ట్‌లో అక్షరాలు, అంకెలు కలిపి 16 సెట్టింగులు. కాలవేలో రెండు వలయాలు: ఒకటి లాఫ్ట్‌కి, ఒకటి లైకి (షాఫ్ట్ నేలతో చేసే కోణం). పింగ్‌లో 8 స్థానాలు. టేలర్‌మేడ్‌లో 12. గుర్తులు వేరైనా లోపల జరిగేది దాదాపు ఒకటే.

దాన్ని కాస్త ఓపిగ్గా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. స్లీవ్‌లో షాఫ్ట్ దిగే రంధ్రం నిటారుగా కాకుండా కొద్దిగా ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. స్లీవ్‌ని తిప్పినప్పుడు ఆ ఒరుగు దిశ మారుతుంది, దాంతో షాఫ్ట్ చివర హెడ్ కూర్చునే తీరు మారుతుంది. కాబట్టి లాఫ్ట్ ఒక్కటే విడిగా మారదు, ఫేస్ చూసే దిక్కు కూడా కదులుతుంది. లాఫ్ట్ పెంచితే, క్లబ్‌ని నేలకి ఆనించినప్పుడు ఫేస్ ఎడమకి మూసుకుంటుంది. తగ్గిస్తే కుడికి తెరుచుకుంటుంది. లాఫ్ట్‌ని 2 డిగ్రీలు అటూ ఇటూ మార్చే టేలర్‌మేడ్ స్లీవ్‌లో ఫేస్ 4 డిగ్రీల దాకా మారుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మూసుకున్న ఆ ఫేస్‌ని చేతులతో తిప్పి టార్గెట్‌కి ఎదురుగా పెట్టుకుని కొడితే, బంతి తగిలేటప్పుడు నిజంగానే లాఫ్ట్ పెరుగుతుంది. మూసుకున్నట్టే వదిలేసి కొడితే లాఫ్ట్ పెద్దగా పెరగదు, బంతి మాత్రం ఎడమగా బయల్దేరుతుంది. ఒకే సెట్టింగ్, ఇద్దరు ఆటగాళ్లు, రెండు ఫలితాలు. "ప్లస్ వన్ పెడితే మా ఫ్రెండ్‌కి ఎత్తు వచ్చింది, నాకు హుక్ వచ్చింది" అని, అంటే లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచితే బంతి బాగా ఎడమకి వంగిందని ఎవరైనా అంటే కారణం చాలాసార్లు ఇదే.

మొదటి పని: స్టాండర్డ్‌లో ఇరవై బంతులు

స్లీవ్‌ని కంపెనీ పంపిన మామూలు స్థానంలో పెట్టండి. బరువులు కూడా అంతే. వార్మప్ అయ్యాక, ఒకే టార్గెట్ చూసుకుని 20 బంతులు కొట్టండి. కొట్టేముందు నేలమీద ఒక క్లబ్ పడుకోబెట్టి, పాదాలు ఎటు చూస్తున్నాయో సరిచూసుకోండి. మా క్యాడీ నాచేత చేయించింది ఇదే.

ప్రతి బంతికీ మూడు విషయాలు రాసుకోండి: ఫేస్‌మీద ఎక్కడ తగిలింది, ఎటు బయల్దేరింది, ఎటు వంగింది. ఎక్కడ తగిలిందో తెలియడానికి ప్రత్యేకమైన స్టికర్లు అక్కర్లేదు. వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి వెనక భాగాన రూపాయి బిళ్లంత మచ్చ పెట్టి, ఆ మచ్చ ఫేస్‌కి ఎదురుగా ఉండేలా టీ మీద నిలబెట్టండి. కొట్టగానే ఫేస్‌మీద నల్లటి అచ్చు పడుతుంది. చూసి, తడిగుడ్డతో తుడిచేసి, మళ్లీ కొట్టండి. ఐదారు బంతులయ్యేసరికి మీ అచ్చులన్నీ ఒకవైపు గుమికూడడం కనిపిస్తుంది. నావి హీల్ దగ్గర, కాస్త కింద పడేవి. డ్రైవర్ మధ్యలోనే కొడుతున్నానని నేను గట్టిగా నమ్మిన రోజులవి.

బయల్దేరే దిక్కుని ముఖ్యంగా నిర్ణయించేది తగిలే క్షణంలో ఫేస్ చూసే దిక్కు. వంపుని నిర్ణయించేది ఫేస్‌కీ, స్వింగ్ దారికీ మధ్య తేడా. బంతి ఎడమగా బయల్దేరి కుడికి వంగుతుంటే క్లబ్ బయటినుంచి లోపలికి కోసుకుంటూ వస్తోందని అర్థం. కుడికే బయల్దేరి ఇంకా కుడికి పోతుంటే ఫేస్ తెరుచుకుని వస్తోంది. రెండో దానికి స్లీవ్ కొంత సాయం చేయగలదు. మొదటి దానికి ఫేస్ ఇంకా మూస్తే బంతి ఇంకా ఎడమగా బయల్దేరుతుంది, అంతే. అక్కడ కోచ్ దగ్గర రెండు క్లాసులు తీసుకోవడమే మంచిది.

ఒక మినహాయింపు ఉంది. హీల్ దగ్గర తగిలిన బంతికి, ఫేస్ ఎలా ఉన్నా, కుడికి వంగే స్పిన్ పడుతుంది. టో (హీల్‌కి అవతలి కొస) దగ్గర తగిలితే ఎడమకి. హెడ్ బరువు కేంద్రం ఫేస్‌కి బాగా వెనక ఉండే డ్రైవర్లలో ఇది బాగా తెలుస్తుంది, దీన్నే గేర్ ఎఫెక్ట్ అంటారు. అందుకే ముందు అచ్చులు చూడమన్నాను. హీల్ దెబ్బల వల్ల వచ్చే స్లైస్‌కి ఫేస్ మూసేస్తే, మధ్యలో తగిలిన మంచి షాట్లన్నీ ఎడమకి పోతాయి.

రెంచ్ కంటే ముందు టీ

టీ ఎత్తు, బంతి ఉన్న చోటు, రెండూ ఖర్చులేని మార్పులు. క్లబ్ నేలమీద ఆనించినప్పుడు బంతి సగం హెడ్ పైఅంచుకి పైన కనిపించాలి. బంతి ఎడమ మడమ లోపలి అంచుకి ఎదురుగా ఉండాలి. అచ్చులు కింద పడుతుంటే టీ కాస్త ఎత్తు చేసి చూడండి. హీల్ వైపు పడుతుంటే బంతికి అర అంగుళం దూరం జరిగి చూడండి. ఈ రెండిటితోనే సగం మందికి సమస్య తగ్గుతుందని నా నమ్మకం.

లాఫ్ట్: అహం పక్కన పెట్టాల్సిన చోటు

మనవాళ్లలో ఒక అపోహ ఉంది. 9 డిగ్రీల డ్రైవర్ అంటే గట్టి ఆటగాడిదని, 12 అంటే పెద్దవాళ్లదని. క్లబ్బుల్లో ఒకరి డ్రైవర్ ఒకరు తిప్పి అంకె చూసుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఈ అపోహ వల్ల ఎంత దూరం పోగొట్టుకుంటున్నామో చూడండి.

షాట్లని రాడార్‌తో కొలిచే ట్రాక్‌మ్యాన్ కంపెనీ ఎన్నో ఏళ్లు చూపిన సగటు లెక్కల్లో అమెరికాలో మగ ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్ ఆటగాళ్ల క్లబ్ వేగం గంటకి 113 మైళ్లు, బంతి లేచే కోణం 10.9 డిగ్రీలు, గాల్లో ప్రయాణం 275 గజాలు. ఎల్పీజీఏ మహిళా ఆటగాళ్ల క్లబ్ వేగం 94 మైళ్లు, లేచే కోణం 13.2 డిగ్రీలు, గాల్లో 218 గజాలు. వారాంతాల్లో ఆడే మనలాంటి మగవాళ్ల వేగం ఈ రెండో లెక్కకి దగ్గర, చాలాసార్లు అంతకంటే తక్కువ. పైగా ఆ మహిళలు సగటున 3 డిగ్రీలు పైకి లేస్తున్న క్లబ్‌తో బంతిని కొడతారు, మనలో చాలామంది కిందికి దిగుతున్న క్లబ్‌తో కొడతాం. అంటే వాళ్లంత ఎత్తు రావాలంటే మనకి వాళ్లకంటే ఎక్కువ లాఫ్ట్ కావాలి. టీవీలో చూసిన ఆటగాడి సెట్టింగ్ తెచ్చి మన క్లబ్‌కి పెట్టుకుంటే బంతి తక్కువ ఎత్తులో పోయి ముందే పడిపోతుంది.

ఇలా చేయండి. మీ 20 బంతుల్లో బాగా తగిలినవి కూడా తక్కువ ఎత్తులో పోతుంటే స్లీవ్‌ని ఒక్క మెట్టు పెంచండి. ఎక్కువ మోడళ్లలో అది అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ. మళ్లీ 10 బంతులు. ఇంకా తక్కువే అయితే ఇంకో మెట్టు. బంతి పైకి లేచి, గాల్లో వేలాడి, పడ్డాక ముందుకు దొర్లకుండా ఆగిపోతుంటే అప్పుడు తగ్గించాలి. తగ్గించేముందు ఒకటి చూసుకోండి: ఆ ఎత్తు క్లబ్ వల్ల వస్తోందా, బంతిని కోస్తూ పైకి లేపే స్వింగ్ వల్ల వస్తోందా? స్లైస్ కొట్టేవాళ్లకి ఎత్తు ఎక్కువ వస్తుంది. వాళ్లు లాఫ్ట్ తగ్గిస్తే ఫేస్ తెరుచుకుంటుంది, స్లైస్ ఇంకా పెరుగుతుంది. ఈ పొరపాటు చాలా మామూలు.

లాఫ్ట్ పెరిగితే వెనక్కి తిరిగే స్పిన్ పెరుగుతుంది, పక్కకి వంపు కాస్త తగ్గుతుంది. కొత్తగా ఆడేవాళ్లకి ఎక్కువ లాఫ్ట్ చెప్పేది అందుకే. పది గజాల దొర్లుడు పోయినా బంతి ఫెయిర్‌వేలో దొరుకుతుంది.

సెట్టింగ్ మార్చాక క్లబ్‌ని నేలమీద ఆనించి పైనుంచి చూడండి. ఫేస్ మూసుకున్నట్టు కనబడి మీకు టెన్షన్ వస్తే, ఆ సెట్టింగ్ కాగితం మీద ఎంత సరైనదైనా మీకు పనికిరాదు. కళ్లకి నచ్చని ఫేస్‌ని చేతులు సరిదిద్దాలని చూస్తాయి, కుడికి తోసేస్తాయి.

బరువు జరపడం

అడుగున ఉన్న బరువుని హీల్ వైపు జరిపితే హెడ్ బరువు కేంద్రం హీల్ వైపు కదులుతుంది. మధ్యలో తగిలిన బంతి ఇప్పుడు ఆ కేంద్రానికి టో వైపు తగిలినట్టవుతుంది, గేర్ ఎఫెక్ట్ వల్ల కొంచెం డ్రా (ఎడమకి మెల్లగా వంపు) వస్తుంది. టో వైపు జరిపితే ఫేడ్ (కుడికి మెల్లగా వంపు). వెనక్కి జరిపితే బంతి కొంచెం ఎత్తుగా లేస్తుంది, తప్పు దెబ్బల్ని హెడ్ బాగా తట్టుకుంటుంది. ముందుకి, ఫేస్ దగ్గరికి జరిపితే స్పిన్ తగ్గుతుంది, కానీ మధ్యలో తగలని దెబ్బలకి శిక్ష పెరుగుతుంది. వేగం బాగా ఉండి, నిలకడగా మధ్యలో కొట్టేవాళ్లకే ముందుకి జరపడం లాభం.

ఈ మార్పు ప్రకటనల్లో కనిపించేంత ఉండదు. 40 గజాల స్లైస్‌ని ఏ బరువూ మాయం చేయదు. ఫెయిర్‌వే అంచు దాటి రఫ్‌లో (పొడుగు గడ్డిలో) పడే బంతిని లోపలికి తెచ్చేంత సాయం చేస్తుంది. అలాగే ఎక్కడ తగులుతోందో చూడకుండా జరపొద్దు. మీ అచ్చులు హీల్ వైపు ఉంటే బరువు హీల్‌కి జరపడం రెండు విధాలా కలిసొస్తుంది, మీరు కొట్టే చోటుకి బరువు దగ్గరవుతుంది. అచ్చులు టో వైపు ఉన్నవాళ్లు హీల్‌కి జరిపితే వంపు మారొచ్చు కానీ బంతి వేగం పడిపోతుంది, చేతికి కూడా డొల్లగా తెలుస్తుంది.

బరువు స్క్రూలు వేరుగా కొని మార్చేవాళ్లకి ఒక లెక్క. హెడ్‌కి 2 గ్రాములు కలిపితే స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత) సుమారు ఒక పాయింట్ పెరుగుతుంది. 6, 8 గ్రాములు కలిపితే అదే క్లబ్ చేతిలో వేరేదిలా అనిపిస్తుంది.

లై గురించి రెండు మాటలు చాలు. అప్‌రైట్ పెడితే బంతి కొంచెం ఎడమకి, ఫ్లాట్ పెడితే కొంచెం కుడికి పోతుంది. లాఫ్ట్, బరువు తేలాక కూడా బంతులన్నీ ఒకే వైపు ఐదారు గజాలు తప్పుతుంటే దీన్ని ముట్టుకోండి.

రెంచ్ పట్టుకునే తీరు

డ్రైవర్‌ని తిరగేసి, హెడ్ పైకి వచ్చేలా, గ్రిప్ (పట్టుకునే పిడి) నేలమీద ఒక టవల్ మీద ఆనించి మోకాళ్ల మధ్య పట్టుకోండి. హీల్ అడుగున ఉన్న స్క్రూలో రెంచ్ కొనని పూర్తిగా, లోపలిదాకా దించండి. సగం దిగిన రెంచ్‌ని తిప్పితే స్క్రూ గాడి అరిగిపోతుంది, ఇంక అది దుకాణానికి వెళ్లాల్సిందే. అపసవ్యంగా తిప్పితే మొదట ఒక్కసారి గట్టిగా వదులుతుంది, తర్వాత తేలిగ్గా తిరుగుతుంది. స్క్రూ హెడ్‌లోనే ఉంటుంది, బయటికి లాగాలని చూడొద్దు. హెడ్‌ని షాఫ్ట్ మీంచి నెమ్మదిగా పైకి తీయండి.

ఇప్పుడు స్లీవ్ అంచున ఉన్న సన్నని పళ్లు చూడండి. కోర్సులోని ఇసుక గుంటల ఇసుక, ఎండిన గడ్డి పొడి అక్కడ చేరి ఉంటాయి. పాత టూత్‌బ్రష్‌తో దులపండి. ఒక్క ఇసుక రేణువు పంటి మధ్య ఉన్నా స్లీవ్ పూర్తిగా కూర్చోదు, కొట్టినప్పుడు టిక్కుమని చప్పుడొస్తుంది. కావాల్సిన గుర్తుని హెడ్ మీది గీతకి ఎదురుగా పెట్టి దించండి. స్లీవ్‌కీ హెడ్‌కీ మధ్య సందు కనిపించకూడదు. సవ్యంగా బిగించండి. రెంచ్ చేతిలో టక్కుమని ఒక్కసారి జారినట్టవుతుంది. ఆ చప్పుడే చాలు, దాని తర్వాత బలం పెట్టొద్దు. ఆ చప్పుడు రాకముందే ఆపేయడం ఇంకా ప్రమాదం. దుకాణంలో దొరికే మామూలు టార్క్స్ (నక్షత్రం ఆకారపు కొన ఉన్న) రెంచ్‌తో చేత్తో అంచనా వేసి బిగించొద్దు, ఎంత బిగించాలో డ్రైవర్‌తో వచ్చిన రెంచ్‌కే తెలుసు.

కొన్ని కంపెనీల స్లీవ్‌లు తిప్పినప్పుడు షాఫ్ట్ కూడా దాంతోపాటు తిరుగుతుంది. గ్రిప్ వెనక సన్నని గట్టు ఉన్నవాళ్లు గమనించండి. సెట్టింగ్ మార్చాక ఆ గట్టు పక్కకి వచ్చి, చేతులు తెలియకుండానే వేరే చోట పట్టుకుంటాయి. మీ డ్రైవర్ ఆ రకం అయితే గుండ్రటి గ్రిప్ వేయించుకోవడం మేలు.

పరీక్షించే పద్ధతి

ఒకసారి ఒక్కటే మార్చండి. ఒక్కో సెట్టింగ్‌కి 10 బంతులు. వాటిలో మరీ చెడ్డవి రెండు తీసేసి మిగతావి చూడండి. అన్నిటికంటే దూరం పోయిన బంతిని లెక్కపెట్టుకునే అలవాటు మనందరికీ ఉంది, ఆ ఒక్క బంతి వల్లే తప్పు సెట్టింగ్‌లో నెలల తరబడి ఉండిపోతాం. ఎనిమిది బంతులు ఎంత వెడల్పులో పడ్డాయన్నదే అసలు మాట. రేంజ్ (ప్రాక్టీస్ మైదానం) బంతులు కోర్సు బంతులంత దూరం పోవు, కాబట్టి రేంజ్‌లో దిక్కు, ఎత్తు చూడండి. దూరం కోర్సులో, మీరు ఆడే బంతితో చూడండి. లాంచ్ మానిటర్ (బంతి వేగం, ఎత్తు, దూరం కొలిచే యంత్రం) దొరికితే ఇంకా మంచిది.

అలసిపోయాక పరీక్ష ఆపేయండి. నలభై బంతుల తర్వాత మారేది మన నడుమే. మర్నాడు అవే రెండు సెట్టింగులు, వరస మార్చి, మళ్లీ చూడండి. రెండు రోజులూ ఒకే ఫలితం వస్తే నమ్మొచ్చు. ఫోన్‌లో ఒక పేజీ పెట్టుకుని తేదీ, సెట్టింగ్, ఫలితం రాయండి.

రౌండ్ మొదలయ్యాక

ఇది అందరికీ తెలియాల్సిన రూల్. గోల్ఫ్ రూల్ 4.1ఎ ప్రకారం రౌండ్ మధ్యలో క్లబ్ సెట్టింగ్‌ని కావాలని మార్చి, ఆ క్లబ్‌తో షాట్ కొడితే డిస్‌క్వాలిఫికేషన్. వానకి ఆట ఆగిన సమయం కూడా రౌండ్ కిందే లెక్క. మార్చినా, దాంతో షాట్ కొట్టకముందే మొదటి స్థానానికి తిప్పేస్తే పెనాల్టీ లేదు. ఆడుతుండగా స్క్రూ దానంతటదే వదులైతే, అదే సెట్టింగ్‌లో బిగించుకోవచ్చు. అందుకే బ్యాగ్‌లో రెంచ్ ఉండాలి, రౌండ్ మొదలయ్యేటప్పటి సెట్టింగ్ ఫోన్‌లో ఫొటోగా ఉండాలి.

కాబట్టి ఆరోజు వాతావరణం చూసి నిర్ణయం మొదటి టీకి ముందే తీసుకోవాలి. విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో సముద్రం గాలి లేచే రోజున, ఎత్తుగా కొట్టేవాళ్లు ఒక మెట్టు తగ్గించుకోవడం గురించి ఆలోచించొచ్చు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకి పైనే ఉంది, బంతి కొంచెం ఎక్కువ దూరం పోతుంది. అంతమాత్రాన సెట్టింగ్ మార్చక్కర్లేదు. వారానికోసారి ఆడేవాళ్లకి నా సలహా: గాలికి టీ తగ్గించండి, స్లీవ్‌ని కదపొద్దు. గోల్కొండ కోర్సులో గానీ, బౌల్డర్ హిల్స్ రాళ్ల మధ్య గానీ, అమెరికాలో మన తెలుగువాళ్లు శనివారం పొద్దున ఆడే పబ్లిక్ కోర్సులో గానీ, క్లబ్ ఎలా ప్రవర్తిస్తుందో ముందే తెలిసి ఉండటం చాలా విలువైనది.

నెలకోసారి

నెలకోసారి రెంచ్ పెట్టి అన్ని స్క్రూలూ టక్కుమనే దాకా బిగించి ఉన్నాయో లేదో చూడండి. హెడ్‌ని చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ఏదైనా కదులుతుంటే తెలుస్తుంది. మన ఎండాకాలంలో డ్రైవర్‌ని కారు డిక్కీలో రోజుల తరబడి వదలొద్దు. ఆ వేడికి స్లీవ్‌ని షాఫ్ట్‌కి అతికించిన జిగురు మెత్తబడొచ్చు. స్లీవ్ పైఅంచుకి, షాఫ్ట్‌కి కలిపి సన్నని పెన్‌తో ఒక గీత గీసి పెట్టుకోండి. ఎప్పుడైనా ఆ గీత రెండు ముక్కలై పక్కకి జరిగి కనిపిస్తే, జిగురు వదిలిందని అర్థం. ఆరోజు ఆ డ్రైవర్‌తో ఇంకో బంతి కొట్టకుండా రిపేర్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.